స్వస్థత వార్త చేతులలో చేరాలి: బధిరుల ఆరోగ్య సమాచారం – స్థానిక సంఘము బాధ్యత

ఉపోద్ఘాతము

ఖమ్మం జిల్లాలో నేను కాపరిగా ఉన్న సంఘములో ప్రతి నెలా రెండవ ఆదివారం మధ్యాహ్నం బధిరుల సహవాసం జరుగుతుంది. చుట్టుపక్కల గ్రామాల నుండి పాతిక ముప్పై మంది వస్తారు. వారిలో కుట్టుపని చేసుకునే ఒక సహోదరుడు ఉన్నాడు. 2019లో అతనికి క్షయవ్యాధి ఉన్నట్టు తేలింది. ప్రభుత్వం మాత్రలు ఉచితంగా ఇచ్చింది. రెండు నెలలు తిరిగేసరికి దగ్గు పోయింది, జ్వరం పోయింది, ఒంటికి కాస్త కండ పట్టింది. ఆ ఆదివారం నేను అతనిని ముందుకు పిలిచి, ప్రభువు ఈ సహోదరుణ్ణి స్వస్థపరచాడని సంఘమంతటి ముందు కృతజ్ఞతాస్తుతులు చెల్లించాను. అతని అక్క నా మాటలను సైగలలోకి మార్చింది. ఆమె చేతులు చెప్పినది రెండే ముక్కలు: జబ్బు – అయిపోయింది. బధిర సహోదరులందరూ రెండు చేతులూ పైకెత్తి ఆడించారు. వారి చప్పట్లు అవే.

ఆ వారంలోనే అతను మాత్రలను బీరువా మీద పెట్టేశాడు. ఆరోగ్య కార్యకర్త ఇంటికి వచ్చి అడిగితే, వాకిట్లో ఉన్న తల్లి “వేసుకుంటున్నాడమ్మా” అని చెప్పి పంపింది. ఆమెకు అబద్ధం చెప్పే ఉద్దేశం లేదు, నిజంగా వేసుకుంటున్నాడనే అనుకున్నది. 2020 వేసవిలో, లాక్‌డౌన్ రోజులలో, దగ్గు తిరిగి వచ్చింది. ఈసారి పరీక్షలో మామూలు మందులకు లొంగని క్షయ అని తేలింది. ఏడాదిన్నరకు పైగా చికిత్స సాగింది. మిషను అమ్ముకున్నాడు. దేవుని కృపవలన బ్రతికాడు. కొంత కోలుకున్న తరువాత నేను పరామర్శకు వెళ్ళినప్పుడు అతను సైగలతో చెప్పినది ఇంతే: “అయ్యగారూ, మీరు అందరి ముందు అయిపోయింది అన్నారు. నేను నమ్మాను.”

ఆ మాటే ఈ వ్యాసానికి కారణం. బధిరులకు ఆరోగ్య సమాచారం ఎక్కడ ఆగిపోతున్నది? ఆ విషయంలో స్థానిక సంఘానికి బాధ్యత ఉన్నదా? ఉంటే దానిని ఏ రీతిగా నెరవేర్చాలి? ఈ మూడు ప్రశ్నలను లేఖనాల వెలుగులోను, పరిచర్య అనుభవంలోను పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము.

1. పదాలను గూర్చి, భాషను గూర్చి

మన తెలుగు బైబిలులో “చెవిటివాడు”, “మూగవాడు” అనే మాటలు ఉన్నాయి. వాడుకలో అవి తిట్లుగా మారిపోయాయి. “మూగ” అనే మాట చాలామంది బధిరుల విషయంలో వాస్తవం కూడా కాదు. వారి గొంతులో లోపమేమీ లేదు. పుట్టినప్పటి నుండి మాట చెవిన పడలేదు గనుక నోటి మాట రాలేదు. చేతులతో వారు ధారాళంగా మాట్లాడతారు. కనుక ఈ వ్యాసంలో బధిరులు అనే మాటనే వాడుతున్నాను.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వినికిడి వైకల్యం గలవారు 50 లక్షలకు పైగా ఉన్నారు. వీరందరూ సైగభాష వాడరు. వయసు మళ్ళిన తరువాత వినికిడి తగ్గినవారు కూడా ఈ లెక్కలో ఉన్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం రెండు చెవులలోను 70 డెసిబెల్స్ వినికిడి లోపం గలవారిని బధిరులుగాను, 60 నుండి 70 మధ్య ఉన్నవారిని వినికిడి మందగించినవారుగాను విడదీసింది. ఇక్కడ మనము ప్రధానంగా మాట్లాడుతున్నది చిన్ననాటి నుండి వినికిడి లేక, సైగభాషలోనే ఆలోచించి, సైగభాషలోనే కలలు కనేవారిని గూర్చి.

సైగభాష అంటే తెలుగును చేతులతో చూపడం కాదు. భారతీయ సంజ్ఞా భాషకు తన సొంత వ్యాకరణం ఉన్నది. “ఎవరు”, “ఎప్పుడు” వంటి ప్రశ్నపదాలు వాక్యం చివర వస్తాయి. “కాదు”, “లేదు” కూడా చివరనే వస్తాయి. కనుబొమలు, తల ఊపు, పెదవుల కదలిక అన్నీ అర్థంలో భాగమే. కాబట్టి తెలుగు వాక్యాన్ని పదానికి పదం చేతులతో చూపితే అది బధిరునికి చెదిరిన మాటల మూటగా కనిపిస్తుంది. నా కృతజ్ఞతా ప్రార్థనలో “ఇంకా చికిత్స జరుగుతున్నది” అనే భావం నా మనస్సులో ఉన్నది గాని, మాటలో లేదు. మాటలో లేనిది చేతులలోకి ఎలా వస్తుంది?

2. సమాచారం ఆగిపోయే స్థలాలు

మొదటిది, ఇల్లు. బధిర పిల్లలలో అత్యధికులు వినగలిగిన తల్లిదండ్రులకే పుడతారు. ఆ తల్లిదండ్రులకు సైగభాష రాదు. అన్నం, నీళ్ళు, స్నానం, బడి వంటి కొన్ని ఇంటి సైగలతోనే జీవితం గడిచిపోతుంది. మనము ఆరోగ్యాన్ని గూర్చి తెలుసుకున్న దానిలో ఎక్కువ భాగం ఎవరూ పనిగట్టుకొని నేర్పినది కాదు. అన్నాల దగ్గర పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే చెవిన పడినదే. పెదనాన్నకు పక్షవాతం ఎందుకు వచ్చింది, మేనత్త ఏ జబ్బుతో పోయింది, తాతకు చక్కెర ఎంత ఉన్నది అనే మాటలు బధిర బిడ్డ కంటి ముందే జరుగుతాయి, కాని అతనికి చేరవు. “ఏం మాట్లాడుకుంటున్నారు?” అని అడిగితే “ఏమీ లేదు, తరువాత చెబుతా” అని సైగ చేస్తారు. ఆ తరువాత ఎన్నటికీ రాదు. నలభై ఏళ్ళ వయసులో డాక్టరు “మీ నాన్నకు షుగరు ఉన్నదా?” అని అడిగితే బధిరుడు తెల్లముఖం వేయడానికి కారణం తెలివి తక్కువై కాదు.

రెండవది, కాగితం. కరపత్రం ఇచ్చాము గదా అని మనము తృప్తిపడతాము. నోటితో తెలుగు వినకుండా పెరిగినవారికి రాసిన తెలుగు పరాయి భాషే. చాలామంది తమ పేరు, ఊరు రాయగలరు, బస్సు బోర్డు చదవగలరు. “భోజనానంతరం సేవించవలెను” అనే వాక్యం వారికి అందదు. చదివి తల ఊపుతారు, ఎందుకంటే ఊపకపోతే ఎదుటివారు విసుక్కుంటారు.

మూడవది, పెదవులు. “నెమ్మదిగా మాట్లాడితే పెదవులు చూసి అర్థం చేసుకుంటారు” అనేది మనలో చాలామంది నమ్మకం. పాఠకులు ఒకసారి అద్దం ముందు నిలబడి శబ్దం లేకుండా “పూట” అని, తరువాత “మూట” అని పలికి చూడండి. పెదవులు రెంటికీ ఒకే తీరున కదులుతాయి. ప, బ, మ మూడింటికీ పెదవులు మూసుకొని తెరుచుకుంటాయి. క, గ లు గొంతు దగ్గర పుడతాయి గనుక అసలు కనిపించనే కనిపించవు. ఇంతకంటె భయంకరమైన జత మరొకటి ఉన్నది: “మందు”, “బందు”. ఒకటి వేసుకోమనేది, మరొకటి ఆపమనేది. కంటికి రెండూ ఒకటే. 2020లో అందరూ మాస్కులు ధరించిన తరువాత ఆ అరకొర ఆధారం కూడా పోయింది.

నాలుగవది, టెలిఫోను. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 అంబులెన్సు సేవ లెక్కలేనన్ని ప్రాణాలు నిలబెట్టింది. అయితే ఆ సంఖ్యకు ఫోను చేసి చిరునామా చెప్పాలంటే గొంతు కావాలి. భార్యాభర్తలిద్దరూ బధిరులైన ఇంట్లో అర్ధరాత్రి భర్తకు గుండెనొప్పి వస్తే ఆమె పక్కింటి తలుపు కొట్టాలి. పక్కింటివారు ఊరిలో లేకపోతే?

ఐదవది, మధ్యవర్తి. బధిరునితో ఆసుపత్రికి తల్లిగాని, తమ్ముడుగాని, పదేళ్ళ కూతురుగాని వెళ్తుంది. డాక్టరు పది మాటలు చెబితే ఇంటివారు ఒక సైగ చేస్తారు. రోగిని వదిలి మధ్యవర్తితోనే డాక్టరు మాట్లాడతాడు. ఇక స్త్రీల సంగతి చెప్పనక్కరలేదు. నెలసరి ఇబ్బందులను తమ్ముడి ద్వారా చెప్పుకోలేక ఏళ్ళ తరబడి బాధను దాచుకున్న సహోదరీలను నా భార్య ఎరుగును. తండ్రికి వచ్చిన కాన్సరును గూర్చి తండ్రికే సైగ చేసి చెప్పవలసిన చిన్నపిల్ల పరిస్థితి ఎంత దుర్భరమో ఆలోచించండి.

ఈ ఐదు స్థలాలలో ఒక్కటైనా బధిరుని చెవిలో లేదు. అన్నీ మన మధ్యనే ఉన్నాయి.

3. లేఖన పరిశీలన

(అ) మార్కు 7:31–37. దెకపొలి ప్రాంతములో ప్రభువు బధిరుని బాగుచేసిన ఈ భాగాన్ని మనము అద్భుతంగానే ప్రసంగిస్తాము. ప్రభువు అనుసరించిన పద్ధతిని గమనించము. మొదట ఆయన అతనిని జనసమూహం నుండి పక్కకు తీసుకొని వెళ్ళాడు. అతనిని అందరి ముందు ప్రదర్శనకు పెట్టలేదు. తరువాత తన వ్రేళ్ళను అతని చెవులలో ఉంచాడు, నాలుకను ముట్టాడు, ఆకాశము వైపు కన్నులెత్తాడు, నిట్టూర్చాడు. ఇవన్నీ కంటికి కనబడేవి, స్పర్శకు తెలిసేవి. ఏ అవయవం విషయమై ఏమి జరుగబోతున్నదో, ఆ శక్తి ఎక్కడ నుండి వస్తున్నదో అతనికి అర్థమయ్యే రీతిలో ప్రభువు ముందుగా చెప్పాడు. ఆ తరువాతనే “ఎప్ఫతా” అన్నాడు. నేటి వైద్య పరిభాషలో చెప్పాలంటే ఇది రోగికి వివరించి చేసిన చికిత్స. స్వస్థత ఇవ్వగల దేవుని కుమారుడే ముందు సమాచారం ఇస్తే, స్వస్థత ఇవ్వలేని మనము సమాచారాన్ని కూడా ఇవ్వకపోవుట ఎంత విచారకరం!

(ఆ) రోమీయులకు 10:14–18. విశ్వాసము వినుట వలన కలుగునన్న మాటను పట్టుకొని, బధిరులకు విశ్వాసం ఎలా కలుగుతుందని సందేహించినవారు సంఘ చరిత్రలో ఉన్నారు. ఇక్కడ “వినుట” అని అనువదించిన గ్రీకు మాట “అకోయె”. దానికి వినే క్రియ అనే కాక, విన్న వార్త, అందిన సందేశం అనే అర్థం కూడా ఉన్నది. వచనాల వరుసను చూస్తే పౌలు నొక్కి చెప్పుచున్నది చెవిని గూర్చి కాదు, వార్తను మోసుకొని పోయేవారిని గూర్చి. పంపబడినవారు లేకపోతే వార్త చేరదు. ఆ వెంటనే 18వ వచనంలో పౌలు 19వ కీర్తనను ఉదాహరించాడు. ఆ కీర్తన దేనిని గూర్చి? మాట లేకుండా, స్వరం వినబడకుండా భూమి అంతటా దేవుని మహిమను ప్రచురించే ఆకాశములను గూర్చి! కంటికి మాత్రమే కనబడే సాక్ష్యాన్ని పౌలు “వినుట”కు ఉదాహరణగా తీసుకున్నాడు. సైగలలో వచ్చిన వార్త తక్కువ వార్త కాదనుటకు ఇంతకంటె ఆధారం కావాలా?

(ఇ) లేవీయకాండము 19:14. బధిరుని దూషించుటను, గ్రుడ్డివాని ఎదుట అడ్డము పెట్టుటను ధర్మశాస్త్రం ఒకే వచనంలో నిషేధించింది. తన మీద పడుతున్న దూషణ బధిరునికి తెలియదు, తన ముందున్న అడ్డం అంధునికి తెలియదు. ఎదుటివాని తెలియనితనాన్ని వాడుకొనుట ఇక్కడి పాపం. తెలియజేయవలసినవారు తెలియజేయకుండా ఊరకుండుట కూడా ఈ ఆజ్ఞ పరిధిలోనికి వస్తుందని నా అభిప్రాయం.

(ఈ) 1 కొరింథీయులకు 14వ అధ్యాయము. అర్థం కాని భాషలో ఎంత మంచి మాట చెప్పినా వినువానికి క్షేమాభివృద్ధి లేదని అపొస్తలుడు వాదించాడు. ఈ నియమం ఆరాధనకు మాత్రమే కాదు, సంఘములో చేసే ఆరోగ్య ప్రకటనలకు కూడా వర్తిస్తుంది.

4. సంఘ చరిత్రలో రెండు పాయలు

సంఘము ఈ విషయంలో మేలు చేసింది, కీడూ చేసింది. 18వ శతాబ్దంలో పారిస్ నగరంలో ఆబే ద లెపె అనే పాదిరి ఇద్దరు బధిర అక్కచెల్లెళ్ళకు బోధించుటతో మొదలుపెట్టి, వారి సైగలను నేర్చుకొని, బధిరుల పాఠశాల స్థాపించాడు. అమెరికాలో థామస్ గాలడెట్ అనే బోధకుడు 1817లో హార్ట్‌ఫర్డ్ పాఠశాల ఆరంభానికి నడుము కట్టాడు. ఆయన కుమారుడు 1852లో న్యూయార్కులో బధిరుల కొరకు ప్రత్యేక సంఘమునే స్థాపించాడు. మన దేశంలో కూడా 19వ శతాబ్దం చివరలో బొంబాయిలోను, తమిళనాడులోని పాళయంకోటలోను మిషనరీలే బధిరుల పాఠశాలలు తెరిచారు.

మరొక పాయ కూడా ఉన్నది. 1880లో మిలాన్ నగరంలో జరిగిన విద్యావేత్తల మహాసభ, పాఠశాలలలో సైగభాషను పక్కకు నెట్టి నోటి మాటనే నేర్పాలని తీర్మానించింది. ఆ సభలో మతగురువులు కూడా ఉన్నారు. తరువాత నూరేళ్ళ పాటు ఎందరో బధిర పిల్లల చేతులను అణచివేశారు. అదే పేరుతో జరిగే మహాసభ 2010లో వాంకూవర్‌లో ఆ తీర్మానాల విషయమై విచారం వెలిబుచ్చింది. బధిరుల భాషను గౌరవించినప్పుడు సంఘము ఆశీర్వాదంగా ఉన్నది, బధిరులకు ఏది మంచిదో మాకే తెలుసనుకున్నప్పుడు భారంగా మారింది.

5. సంఘము ఎందుకు?

ఆరోగ్యం ప్రభుత్వం పని గదా అని కొందరు సేవకులు అడుగుతారు. నిజమే. 2016 చట్టంలోని 25వ సెక్షను ప్రకారం ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నిటిలోను వికలాంగులకు అడ్డంకులు లేని ప్రవేశం ఉండాలి, చూపించుకొనుటలోను చికిత్సలోను ప్రాధాన్యత ఇవ్వాలి. 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది. వైద్య పదాలతో సహా మూడు వేల మాటలతో 2018లో వెలువడిన దాని నిఘంటువు 2021 నాటికి పదివేల మాటలకు పెరిగింది. మార్గం తెరుచుకుంటున్నది. అయితే ఢిల్లీలో తయారైన వీడియోకు, మా మండలంలోని బధిర కూలీకి మధ్య దూరం ఎవరు నడవాలి?

సంఘానికి మూడు అనుకూలతలు ఉన్నాయి. ఒకటి, బధిరులు క్రమంగా కూడుకునే స్థలాలు పల్లెలలో బహు తక్కువ. ఒక్కో ఊరిలో ఒక్కరే ఉంటారు గనుక వారి భాష మాట్లాడే మనిషి కొరకు బస్సెక్కి వస్తారు. రెండు, ఇక్కడ సైగభాష ఎరిగిన ఒకరిద్దరైనా ఉంటారు. మూడు, నమ్మకం ఉన్నది. అయితే ఈ మూడవదే ప్రమాదకరం. డాక్టరు ఇచ్చిన కాగితం కంటె, ఆరోగ్య కార్యకర్త మాట కంటె, నా ఒక్క వాక్యం ఆ దర్జీ సహోదరునికి బలమైనది. ఆ బలం ఉన్నదని నాకు తెలియకపోవుటే నా తప్పు.

6. ఆచరణలో అనుసరించదగిన విధానము

మొదటి నియమం: బోధకుడు బధిరుడై ఉండాలి. డాక్టరునో నర్సునో పిలిచి ఉపన్యాసం ఇప్పించి, దానిని ఒకరు సైగలలోకి మార్చుట మేము మొదట చేసిన పద్ధతి. అది పనిచేయలేదు. ఇప్పుడు నర్సు ముందుగా ఇద్దరు బధిర సహోదరులతోను, ఒక సహోదరితోను కూర్చొని విషయం వివరిస్తుంది. వారు తమ ప్రశ్నలన్నీ అడుగుతారు. ఏ సైగ వాడాలో, ఏ బొమ్మ గీయాలో వారే నిర్ణయిస్తారు. ఆదివారం నాడు వారే చెబుతారు, నర్సు పక్కన ఉండి తప్పులుంటే దిద్దుతుంది.

రెండవ నియమం: “అర్థమైందా?” అని అడగరాదు. అందరూ తల ఊపుతారు. దానికి బదులు “ఇప్పుడు నువ్వు మీ ఆవిడకు ఎలా చెబుతావో చేసి చూపించు” అని అడగాలి. మాత్రలు, పళ్ళెం, గోడ గడియారం ముందు పెట్టి ఏది ముందు, ఏది తరువాత అని చేయించాలి.

మూడవ నియమం: బధిరుల జీవితానికి తగిన విషయం చెప్పాలి. వినగలిగినవారి కొరకు తయారైన సందేశం కొన్నిసార్లు వారికి పనికిరాదు. నాలుగు ఉదాహరణలు చూద్దాం.

క్షయ. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్ళె పరీక్ష చేయించుకోవాలి. మామూలు క్షయకు చికిత్స ఆరు నెలలు: మొదటి రెండు నెలలు ఎక్కువ మందులు, తరువాత నాలుగు నెలలు కొన్ని మందులు. మొదటి నెలల్లోనే ఒళ్ళు తేలికపడుతుంది. అప్పుడే మోసం జరుగుతుంది. బలహీనమైన క్రిములు చనిపోయి, మొండివి మిగిలి ఉంటాయి. మధ్యలో ఆపితే ఆ మొండివే పెరిగి మందుకు లొంగవు. మా వాళ్ళు దీనిని పొలంలో కలుపుతో పోల్చి చూపిస్తారు: పైన కోస్తే చేను శుభ్రంగానే కనబడుతుంది, వేరు లోపలే ఉన్నది. చికిత్స కాలంలో పోషకాహారం కొరకు ప్రభుత్వం నెలకు ఇచ్చే సొమ్ము 2018లో 500 రూపాయలుగా మొదలై, 2024 నవంబరు నుండి 1000 రూపాయలు అయిందన్న సంగతి కూడా చెప్పాలి.

షుగరు. అదుపులో లేని చక్కెర వ్యాధి కంటి వెనుక పొరలోని సన్నని రక్తనాళాలను చెడగొడుతుంది. వినగలిగినవారు చూపు కోల్పోతే ఎంతో నష్టపోతారు, అయినా మాట మిగులుతుంది. బధిరుడు చూపు కోల్పోతే భాషే పోతుంది. కన్నే అతని చెవి. కాబట్టి షుగరు ఉన్న ప్రతి బధిరుడు ఏడాదికొకసారి కంటి డాక్టరు చేత కంటి లోపలి పొరను పరీక్ష చేయించుకోవాలి. అలాగే పుట్టుకతో బధిరులైన కొందరికి యౌవనంలో రేచీకటితో మొదలై పక్క చూపు తగ్గిపోయే జబ్బు ఉంటుంది. దాని పేరు అషర్ సిండ్రోమ్. చీకటిలో తడబడే బధిర యౌవనులను “అజాగ్రత్త” అని మందలించక, కంటి పరీక్షకు పంపాలి.

పక్షవాతం. మూతి వంకర, చేయి బలహీనత, మాట తడబడుట అనే మూడు గుర్తులు అందరికీ నేర్పుతున్నారు. మూడవ గుర్తు సైగభాషవారిలో ఎలా కనబడుతుంది? 1980లలో అమెరికాలోని సాల్క్ సంస్థలో జరిగిన పరిశోధనలు, మాటను నడిపించే ఎడమ మెదడు భాగమే సైగభాషను కూడా నడిపిస్తుందని చూపాయి. కనుక బధిరుని చేతులు ఒక్కసారిగా తడబడినా, చేతిలో బలం ఉన్నా సైగలు అర్థం లేకుండా వస్తున్నా, అది పక్షవాతమే కావచ్చు. గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. ఈ గుర్తును ఇంటివారికీ, తోటి బధిరులకూ నేర్పాలి.

ఆసుపత్రిలో చేతులు. సెలైన్ ఎక్కించేటప్పుడు కుడిచేతికి సూది గుచ్చి చెక్కకు కట్టేస్తే బధిరుని నోరు కట్టేసినట్టే. తాను ఎక్కువగా వాడే చేతిని వదిలి రెండవ చేతికి సూది పెట్టమని అడుగుట ఎలాగో ఒక చిన్న అట్ట మీద రాయించి మా సహవాసంలో అందరికీ ఇచ్చాము. ఆ అట్ట మీదనే “నేను బధిరుడను. సైగభాషలో మాట్లాడతాను. దయచేసి నా వైపు చూసి చెప్పండి, మందుల వేళలు బొమ్మ గీసి చూపండి” అని, వెనుక వైపు రక్తపు గ్రూపు, వాడుతున్న మందులు, పడని మందులు, అత్యవసరంలో ఫోను చేయవలసిన ఇద్దరి నంబర్లు ఉంటాయి.

నాలుగవ నియమం: అర్ధరాత్రి ఏర్పాటు. మా సంఘములో వినగలిగిన నలుగురు యౌవనస్థులు వంతులవారీగా తమ ఫోను రాత్రంతా తెరిచి ఉంచుతారు. బధిరుడు వీడియో కాలులో సైగ చేస్తే వారు 108కు మాట్లాడతారు. ఇందుకు డబ్బు ఖర్చు లేదు. కొంత సైగభాష, కొంత నిద్ర త్యాగం కావాలి. సికింద్రాబాదులోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం వంటి చోట్ల సైగభాషను క్రమంగా నేర్చుకునేందుకు యౌవనస్థులను ప్రోత్సహించడం సంఘానికి మంచి పెట్టుబడి.

7. హెచ్చరికలు

మొదటిది, గోప్యత. బధిరుల లోకం చిన్నది. ఒకరి సంగతి వీడియోలో సాయంత్రానికి నాలుగు జిల్లాలు తిరుగుతుంది. పైగా సైగలు దూరం నుండి కూడా కనబడతాయి, గుసగుసలాడే వీలు లేదు. హెచ్.ఐ.వి., గర్భం, మానసిక వేదన వంటి విషయాలను గోడ చాటున, కిటికీకి వీపు పెట్టి మాట్లాడుకునే స్థలం ఏర్పాటు చేయాలి. ప్రభువు ఆ మనుష్యుని జనుల నుండి పక్కకు తీసుకొనిపోయిన సంగతి ఇక్కడ మరల జ్ఞాపకం చేసుకోవాలి.

రెండవది, బధిరులు వచ్చినది వినికిడి కొరకు అని అనుకోరాదు. స్వస్థత కూడికలలో వారి చెవులలో వేళ్ళు పెట్టి, కేకలు వేసి, “వినబడుతున్నదా?” అని అడిగి, వినబడకపోతే విశ్వాసం లేదని పంపివేసిన సంఘటనలను మా సహోదరులు కన్నీళ్ళతో చెబుతారు. కడుపునొప్పితో వచ్చినవాని చెవుల కొరకు ప్రార్థించుట అతనిని వినకపోవుటే. మనలో బధిరత్వం ఎవరిది?

మూడవది, ఆరోగ్య కూడిక వల కాకూడదు. మా రెండవ ఆదివారం కూడికకు హిందూ, ముస్లిం బధిరులు కూడా వస్తారు. ఆరోగ్య పాఠం అయిన తరువాతే ప్రార్థన ఉంటుంది. ప్రార్థనకు ఉండనివారు టీ తాగి వెళ్ళవచ్చునని ముందే చెబుతాము. మందుల సమాచారం విశ్వాసానికి వెలగా పెట్టినవాడు సువార్తను అమ్ముకున్నవాడే.

నాలుగవది, ప్రార్థనను మందుకు పోటీగా నిలుపరాదు. యాకోబు పత్రిక 5వ అధ్యాయములో ప్రార్థనతో పాటు నూనె కూడా ఉన్నది. ఆ కాలంలో నూనె ఔషధంగా కూడా వాడుకలో ఉన్నదే. ఈ సంగతి వినగలిగిన విశ్వాసికి నాలుగు ప్రసంగాలలో సర్దుకుంటుంది. ఒకే ఒక్క సైగను ఆధారం చేసుకునే బధిరుని దగ్గర మాత్రం మనము అజాగ్రత్తగా పలికిన ఒక్క మాట అతని ప్రాణం మీదికి రావచ్చు.

ముగింపు

మా సంఘములో సాక్ష్యాలు ఆగలేదు. చెప్పే తీరు మాత్రం మారింది. ఎవరైనా చికిత్సలో ఉండి మేలు పొందితే, కృతజ్ఞత చెల్లించిన తరువాత వారు చేతిలోని మాత్రల అట్టను పైకెత్తి చూపి, ఇంకా ఎన్ని నెలలు మిగిలి ఉన్నవో వ్రేళ్ళతో లెక్క చూపాలి. ఈ నియమం పెట్టినది నేను కాదు. ఆ దర్జీ సహోదరుడే.

ఇప్పుడు అతను మా ముగ్గురు బధిర బోధకులలో ఒకడు. క్రిందటి సారి క్షయను గూర్చి చెబుతూ, “అయిపోయింది” అనే సైగను గాలిలో మొదలుపెట్టి సగంలో ఆపి, తల అడ్డంగా ఊపి, ఆరు వ్రేళ్ళు చూపి, ఆ తరువాత మాత్రమే ఆ సైగను పూర్తి చేశాడు. సంఘమంతా చేతులెత్తి ఆడించింది. ప్రసంగ వేదిక పక్కన కూర్చొని చూస్తున్న నాకు, చెప్పవలసిన మాట ఎలా చెప్పాలో అప్పుడు అర్థమైంది. తోటి సేవకులారా, మీ సంఘ పరిధిలో బధిరులు ఎందరున్నారో ఈ వారమే లెక్క చూడండి. వారిని కూడగట్టి మొదట మనము వారి చేతులను చదువుట నేర్చుకుందాం. వారికి చెప్పవలసినది ఆ తరువాత చెప్పవచ్చు.